హీట్ ల్యాంప్: ఒక వాక్యానికి వ్యాఖ్యానం

‘వేడిగా దిగిన వంటకాన్ని, పరారుణ కిరణాలతో, పైనుంచి, 60 డిగ్రీలకు దిగనివ్వకుండా, కొద్దిసేపు నిలిపేది హీట్ ల్యాంప్.’

పెళ్లి బఫేల్లో, హోటల్ కౌంటర్ల మీద వేలాడే ఎర్రదీపం చేసే పనంతా ఈ వాక్యంలో ఉంది. ఇందులో ఏ మాట మరిచినా తినేవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది.

వేడిగా దిగిన: పొయ్యి మీంచి అప్పుడే దించిన అని. చల్లారిన పులావును దీపం కింద పెడితే వెచ్చబడుతుందే గాని కాగదు. ఆ గోరువెచ్చదనమే సూక్ష్మజీవులకు అదను. చల్లారినదాన్ని ముందు పొయ్యి మీద పొగలు కక్కేలా కాచాలి.

పరారుణ కిరణాలతో: 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో విడగొట్టి, ఎరుపుకు అవతల కంటికేమీ కనిపించని చోట థర్మామీటరు పెట్టి చూస్తే, అక్కడా వేడి తగిలింది. మన కౌంటరు మీద పనిచేసేది ఆ కనిపించని కిరణాలే. సాధారణంగా వాడే 250 వాట్ల బల్బులో టంగ్‌స్టన్ తీగ 2,000 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అది వెదజల్లే శక్తిలో అత్యధిక భాగం పరారుణమే. మధ్యలో ఉన్న గాలిని ఆ కిరణాలు పెద్దగా వేడి చేయవు. నేరుగా వంటకాన్ని తాకి, దాని పైపొరలోనే ఇంకిపోతాయి. ఇక గాజుకున్న ఎర్రరంగు కళ్లకు వెలుగు కొట్టకుండా, పదార్థం నిగనిగలాడేలా చేయడానికి. అది వేడికి రుజువు కాదు.

కోళ్లఫారాల్లో పిల్లల మీద వేలాడదీసేవీ ఇలాంటి బల్బులే. అయినా అటువి ఇటు, ఇటువి అటు వాడకూడదు. ఆహారం మీద వాడే బల్బుకు, పగిలినా పెంకులు రాలకుండా పూత ఉండాలి. ఆ పూత టెఫ్లాన్ రకందైతే, వేడికి దాన్నుంచి వచ్చే ఆవిర్లు కోడిపిల్లల ప్రాణం తీస్తాయి.

పైనుంచి: చలిమంట ముందు కూర్చుంటే మొహం కాలుతుంది, వీపు వణుకుతుంది. లోతైన గిన్నెలో కూర పరిస్థితీ అంతే: పైన తెట్టు కడుతుంది, అడుగున చల్లారుతుంది. కూరలకు, సాంబారుకు కింద వేడినీళ్లుండే చేఫింగ్ డిష్షే తగినది. పకోడీలు, వేయించిన చికెన్, ఫ్రెంచ్ ఫ్రైస్ లాంటివి పళ్లెంలో పలచగా పరిచినప్పుడే దీపం సత్తా తెలుస్తుంది. మూత పెడితే అవి చెమర్చి మెత్తబడతాయి, దీపం కింద కరకర పోదు. దీపాన్ని పైకి జరిపినకొద్దీ వేడి పలచబడుతుంది. ఏసీ గాలి తగిలే చోట కౌంటరు పెడితే దీపం ఇచ్చిందంతా గాలి పట్టుకుపోతుంది.

60 డిగ్రీలకు దిగనివ్వకుండా: వాక్యానికి ఆయువుపట్టు ఇదే. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఆహారాన్ని ఉంచడం ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. క్యాటరింగ్ వాళ్లకు మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తనిఖీ పట్టికలోని అంకెలు ఇంకా కఠినం: వేడి ఆహారానికి 65, మాంసాహారానికి 70. అన్నం సంగతి మనం మరీ పట్టించుకోవాలి. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా పడి ఉంటే అవి మొలకెత్తి విషం పుట్టిస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. అందుకే ప్రోబ్ థర్మామీటరును పదార్థం నడిమధ్యకు గుచ్చి చూడాలి. పైన చెయ్యి పెట్టి చూస్తే తెలిసేది పైపొర సంగతే.

కొద్దిసేపు: దీపం కింద తడి ఆరిపోతూనే ఉంటుంది. ఒక గ్రాము నీరు ఆవిరవుతూ పట్టుకుపోయే వేడి, 5 గ్రాముల నీటిని 0 నుంచి 100 డిగ్రీలకు చేర్చడానికి చాలు. ఆ నష్టాన్ని పూడ్చాలని దీపాన్ని దగ్గరికి దించితే అంచులు బిరుసెక్కుతాయి. వంటింటికీ విస్తరికీ మధ్యనున్న కాసేపటికే ఈ దీపం.

ఈసారి ఇంట్లో శుభకార్యానికి భోజనాలు మాట్లాడుకునేటప్పుడు, ఎన్ని రకాలు పెడతారో అడగడంతో ఆపకండి. థర్మామీటరు తెస్తారా, గంటగంటకూ ఎవరు చూస్తారు అని కూడా అడగండి.