అండాల నిల్వ, అరుదైన జన్యువ్యాధులు: సంతాన సామర్థ్య సంరక్షణ చరిత్ర

స్త్రీ అండాశయాల్లో మిగిలివున్న అండాల రాశే అండాల నిల్వ. తల్లి కడుపులో అయిదో నెలకు ఆడపిండంలో 60–70 లక్షల అండాలుంటాయి. పుట్టేనాటికి 10–20 లక్షలు, పెద్దమనిషయ్యేనాటికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. కొన్ని జన్యువ్యాధుల్లో తరుగుదల మరీ వేగం. పిల్ల బడి దాటకముందే నిల్వ అడుగంటవచ్చు.

పొట్టిగా ఉండి, యుక్తవయసు లక్షణాలు రాని ఆడపిల్లలను 1938లో అమెరికా వైద్యుడు హెన్రీ టర్నర్ వర్ణించాడు. ఒక ఎక్స్ క్రోమోజోము లోపించడమే ఈ టర్నర్ సిండ్రోమ్‌కు కారణమని 1959లో చార్లెస్ ఫోర్డ్ బృందం కనుగొంది. పాలలోని గెలాక్టోజును శరీరం వాడుకోలేని వ్యాధి గెలాక్టోసీమియా. పాలు మాన్పించి బతికించుకున్న ఆడపిల్లల్లోనూ అండాశయాలు దెబ్బతింటున్నాయని 1981లో వెల్లడైంది.

ఆంధ్రప్రదేశ్‌లోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో మేనమామకు పిల్లనివ్వడం, మేనత్త కొడుకుకు చేయడం పాత ఆచారం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ వివాహాల్లో దాదాపు నాలుగో వంతు దగ్గరి బంధువుల మధ్య జరిగినవే. గెలాక్టోసీమియా, రక్తవ్యాధి అయిన తలసేమియా వంటివి తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే బయటపడతాయి. అందుకే మేనరికంలో వీటి ముప్పు ఎక్కువ. టర్నర్ సిండ్రోమ్‌కు మాత్రం మేనరికంతో సంబంధం లేదు. అది బీజకణాలు గానీ పిండం గానీ ఏర్పడేటప్పుడు యాదృచ్ఛికంగా జరిగే మార్పు. ఈ తేడా తెలియక పిల్ల తల్లినీ, ఆమె పుట్టింటినీ నిందించడం పెద్ద అన్యాయం.

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియం 1915 నుంచి క్షయతో పోరాడింది. అండాశయాలకూ గర్భనాళాలకూ సోకే క్షయ కూడా సంతానాన్ని అడ్డుకుంటుంది. కనుక ఇక్కడ జన్యుకారణం వెతికే ముందు దాని సంగతి తేల్చుకోవాలి.

ఇక అండాలనూ పిండాలనూ భద్రపరచే విద్యలో తొలి అడుగుల్లో ఒకటి మన దేశానిదే. 1978 అక్టోబరు 3న కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషితో పుట్టిన దుర్గ, 53 రోజులు అతిశీతలంలో ఉంచిన పిండం నుంచి వచ్చిన బిడ్డ. ప్రభుత్వ కమిటీ ఆయన మాట నమ్మలేదు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. ఆయన పనికి గుర్తింపు 1997లో గాని రాలేదు. 1986లో ఆస్ట్రేలియాలో క్రిస్టఫర్ చెన్ అతిశీతలంలో భద్రపరచిన అండాలతో కవలలు పుట్టేలా చేశాడు.

రజస్వల కాని పిల్లల నుంచి అండాలు సేకరించే వీలుండదు. వారికి మిగిలే దారి అండాశయ కణజాలాన్ని తీసి భద్రపరచడం. దాన్ని తిరిగి అమర్చాక తొలి కాన్పు 2004లో బెల్జియంలో, జాక్ డోనెజ్ వైద్యంలో జరిగింది. తలసేమియాకు ఎముకమజ్జ మార్పిడి చేసే ముందు ఇచ్చే మందులు అండాలను చంపేస్తాయి. ఆ మందులకు ముందే, తొమ్మిదేళ్ల వయసులో, దుబాయ్ అమ్మాయి ఒకరి అండాశయాన్ని ఇంగ్లండ్‌లో తీసి దాచారు. 2016 డిసెంబరులో ఆమె లండన్‌లో కొడుకును కన్నది.

ఇక మదనపల్లె, కుప్పం ప్రాంతాల సంగతికొస్తే, కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల వచ్చాక కాన్పు, స్కాన్ సేవలు దగ్గరయ్యాయి. జన్యుపరీక్షకైతే వేలూరు సీఎంసీ ఉంది, హైదరాబాద్ బేగంపేటలో ఉస్మానియా వారి జన్యువ్యాధుల ఆస్పత్రి ఉంది. ఏఎంహెచ్ (యాంటీ ముల్లేరియన్ హార్మోన్) రక్తపరీక్ష అండాల రాశిని అంచనా వేస్తుంది, నాణ్యతను చెప్పదు.

సహాయక పునరుత్పత్తి సేవలకు స్త్రీ వయసు 21 నుంచి 50 లోపు ఉండాలని 2021 చట్టం నిర్ణయించింది. పదిహేనేళ్లకే నిల్వ తరిగిపోయే టర్నర్ బాలికలను తలచుకుంటే ఈ నిబంధనకు స్పష్టమైన మినహాయింపు అవసరం. ఆ బాలికలు పెద్దయ్యాక గర్భం ధరించే ముందు గుండె, బృహద్ధమని పరీక్షలు తప్పనిసరి. గర్భధారణలో ఆ ధమని చీలితే ప్రాణాపాయం.