డబ్బాలు వెనక్కొచ్చిన కథలు

మా పెద్దనాన్న కుర్రతనంలో రేపల్లె వైపు ఓ టూరింగ్ టాకీసులో ప్రొజెక్టర్ ఆపరేటరుగా చేశాడు. ఆయన లెక్కలో సినిమాలు రెండే రకాలు: ఆడినవీ, డబ్బాలు వెనక్కొచ్చినవీ. నేను ఫిల్మ్ కోర్సులో చేరానని తెలిసిన రోజు అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే. "ఆడేవి తీయటం నేర్పుతార్రా అక్కడ?" ఆ మాటకి నవ్వాను గానీ, ఆ తర్వాత రెండేళ్లుగా నేను వెతుక్కుంటూ చూస్తున్నవన్నీ ఆయన వెనక్కి పంపించిన డబ్బాలే.

సినిమా "ఆడటం" అనే మాట నాటకాల రోజుల నుంచి మనకి మిగిలింది. ఆడింది అంటే బాగుందనే అనుకుంటాం. ఆడలేదంటే ఇక ఎవరూ చూడరు. ఆ తీర్పు మొదటి వారంలోనే వచ్చేస్తుంది. ఇచ్చేది బయ్యర్లు, హాళ్ల యజమానులు, మూడో రోజు మ్యాట్నీకి వచ్చిన జనం. తీర్పు వచ్చాక అప్పీలు లేదు. నేనిక్కడ రాస్తున్నది అలాంటి అప్పీలే అనుకోండి. నిష్పక్షపాతంగా ఉంటానని మాత్రం చెప్పను. నాకో బలహీనత ఉంది. మంచి పని చేసిన మనిషి పక్కన ఆఖరికి ఎవరూ నిలబడని కథంటే నాకు ప్రాణం. హాలు నిండటానికి అది బొత్తిగా పనికిరాని దినుసు.

1950లో విజయా వారి మొదటి సినిమా వచ్చింది. "షావుకారు". నాగిరెడ్డి, చక్రపాణి కలిసి పెట్టిన సంస్థ, ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం, మార్కస్ బార్ట్లీ కెమెరా, ఘంటసాల సంగీతం. ఇంత బలగం వెనకేసుకుని వాళ్లు చెప్పిన కథ ఏమిటంటే, ఒక పల్లెటూళ్లో పక్కపక్క ఇళ్లవాళ్ల మధ్య వచ్చిన పంతం. రాజకుమారి లేదు, మాంత్రికుడు లేడు. వడ్డీలకిచ్చే చెంగయ్యగా గోవిందరాజుల సుబ్బారావు నడక చూడాలి. మనిషి చెడ్డవాడు కాదు, కానీ డబ్బు ముందు మెత్తబడటం చేతకాదు. సున్నం రంగడిగా ఎస్.వి. రంగారావు మాట్లాడే తీరు అప్పటి తెరమీద కొత్త. పుస్తకాల భాష కాదది, సందు చివర వినిపించే భాష. సినిమా అనుకున్నంత ఆడలేదు. మరుసటి ఏడాది అదే సంస్థ, అదే బార్ట్లీతో "పాతాళభైరవి" తీసి రాష్ట్రాన్ని ఊపేసింది. దాంతో పరిశ్రమకి ఒక పాఠం అందింది: జనానికి కావలసింది పాతాళం, పక్కిల్లు కాదు. ఆ పాఠం తప్పని నా అభిప్రాయం. తప్పయినా డెబ్బై ఏళ్లుగా చెలామణీ అవుతూనే ఉంది. తమాషా ఏమిటంటే, ఆడలేదన్న ఆ సినిమా పేరే అందులో తొలిసారి నాయికగా కనిపించిన జానకికి ఇంటిపేరై కూర్చుంది. సినిమా చూడనివాళ్లక్కూడా షావుకారు జానకి తెలుసు.

బి.ఎన్. రెడ్డి సంగతి ఇంకో తీరు. "మల్లీశ్వరి" గురించి అందరూ రాశారు, నేను రాయక్కర్లేదు. నా ఓటు 1955 నాటి "బంగారు పాప"కి. జార్జ్ ఇలియట్ నవల "సైలస్ మార్నర్" దానికి మూలం. పాలగుమ్మి పద్మరాజు చేయి పడటంతో అది మన ఊరి కథయిపోయింది. కక్షతో రగిలిపోయే మోటు మనిషి కోటయ్య చేతికి ఓ రాత్రి పసిపిల్ల దొరుకుతుంది. ఆ పిల్లని ఎత్తుకోవటం రాక రంగారావు పడే అవస్థలో నటన ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో పదిసార్లు చూసినా నాకు పట్టుబడలేదు. ఘటోత్కచుడికీ నేపాళ మాంత్రికుడికీ చప్పట్లు కొట్టిన మనం ఈ కోటయ్యని చూడకుండానే ఆయన్ని గొప్ప నటుడనేస్తాం. రాష్ట్రపతి రజత పతకం వచ్చింది. డబ్బు మాత్రం ఆ ఏడాది "మిస్సమ్మ"కీ "రోజులు మారాయి"కీ వచ్చింది. ఆ రెండూ మంచి సినిమాలే, వాటి మీద నాకే కోపమూ లేదు.

ఇక "చివరకు మిగిలేది". 1960. గుత్తా రామినీడు దర్శకత్వం. బుచ్చిబాబు నవలకీ దీనికీ పేరు తప్ప ఏ చుట్టరికమూ లేదు. ఇది అంతకు ముందు ఏడాది అసిత్ సేన్, సుచిత్రా సేన్‌తో తీసిన బెంగాలీ చిత్రం "దీప్ జ్వేలే జాయ్"కి తెలుగు రూపం. మనోవ్యాధి ఆసుపత్రిలో ఒక నర్సు. ప్రేమలో దెబ్బతిని మతి చలించిన రోగిని ప్రేమతోనే బాగుచేయవచ్చా అని అక్కడి డాక్టరు ప్రయోగం. ఆ ప్రేమని నటించవలసింది ఆ నర్సు. రోగికి నయమవుతుంది, ఇంటికి వెళ్లిపోతాడు. నటించిన మనిషి గతి ఏమిటన్నది ప్రయోగంలో ఎవరూ రాసుకోని పద్దు. ఆ తర్వాత ఇంకో రోగి, మళ్లీ అదే వేషం.

సావిత్రి అప్పటికి "మాయాబజార్" శశిరేఖ. కన్ను తిప్పితే హాలంతా నవ్వే తార. ఈ సినిమాలో ఆమె ముఖం మీద ఏమీ చేయదు. తెల్లటి యూనిఫాం, తగ్గించిన గొంతు, మాట పూర్తయ్యాక ఒక్క క్షణం ఎక్కువసేపు నిలిచే చూపు, అంతే. ప్రేమ నటిస్తున్న స్త్రీగా నటించాలి, ఆ నటనలో ఎక్కడో నిజం కలిసిపోయిందని మనకి తెలియాలి, రోగికి తెలియకూడదు. మూడు పొరలు. నటన క్లాసులో మాకు విదేశీ సినిమాల ముక్కలు ఎన్నో వేసి చూపించారు. ఇదొక్కటి చూపిస్తే సగం సిలబస్ తీరేది. సినిమా దెబ్బతింది. ఎందుకు దెబ్బతిందో ఊహించటం కష్టం కాదు: సావిత్రి కోసం వచ్చినవాళ్లకి పాటలూ పరిహాసాలూ దొరకలేదు, చివర్లో పెళ్లి దొరకలేదు. ఇదే కథ 1969లో హిందీలో వహీదా రెహమాన్‌తో "ఖామోషీ"గా వచ్చింది. ఇప్పటికీ పదిమంది దాని గురించి మాట్లాడుకుంటారు. మనవాళ్లలో చాలామందికి మన సావిత్రి చేసిందని తెలియదు.

పేరున్నవాళ్లు చేతులు కాల్చుకున్న ఘట్టం 60ల చివర్లో వస్తుంది. ఆదుర్తి సుబ్బారావు, అక్కినేని కలిసి చక్రవర్తి చిత్ర అని పెట్టి లాభం ఆశించకుండా "సుడిగుండాలు", 1970లో "మరో ప్రపంచం" తీశారు. అవార్డులొచ్చాయి, డబ్బు పోయింది. ఉద్దేశానికి దండం పెడతాను. కానీ నిజం చెప్పాలి కదా, రెండింటిలోనూ ఉపన్యాసం పాలు ఎక్కువ. మనుషులు ఒకరితో ఒకరు కాకుండా సమాజంతో మాట్లాడతారు. ఆడని సినిమాలన్నీ గొప్పవని వాదించటానికి నేను కూర్చోలేదు.

అదే కాలంలో, 1967లో, బాపు తొలి సినిమా "సాక్షి" గోదావరి ఒడ్డున పులిదిండి ఊళ్లో తయారైంది. ముళ్లపూడి వెంకటరమణ కథ. సెట్లు లేవు, ఊరే సెట్టు. కృష్ణ అప్పటికింకా కొత్తవాడు. బల్లకట్టు నడిపే అమాయకుడు ఒక హత్య చూస్తాడు. ఊరంతా ఎగదోస్తే కోర్టులో నిజం చెబుతాడు. హంతకుడు పగబట్టి ఊళ్లోకి వస్తున్నాడన్న కబురుతో ఒక్కొక్క తలుపూ మూసుకుంటుంది. అమెరికా సినిమా "హై నూన్" గుర్తొస్తుంది నిజమే, కానీ అక్కడి హీరో తుపాకీ పట్టిన మార్షల్. మనవాడికి భయపడటం తప్ప ఏమీ రాదు. వాడి భయాన్ని బాపు దాచలేదు, వేళాకోళమూ చేయలేదు. నిన్నటిదాకా వాణ్ని భుజాల మీద ఎక్కించుకున్నవాళ్లు ఇవాళ ఏదో పని ఉన్నట్టు పక్క సందులోకి తిరిగిపోయే తీరు చూస్తే, ఊరంటే ఏమిటో తెలుస్తుంది. తాష్కెంట్ చిత్రోత్సవం దాకా వెళ్లిందీ సినిమా. "ముత్యాల ముగ్గు" వచ్చాక బాపు అంటే రంగులూ ముగ్గులూ అయిపోయి, ఈ నలుపు తెలుపుల గోదావరి వెనక్కి జరిగింది. పెద్దనాన్న దీన్ని పాత ప్రింటుగా వేశాడట. "గీతలు పడ్డ రీలురా, బొమ్మ సరిగ్గా కనపళ్లేదు గానీ నేల టికెట్టోళ్లు చప్పుడు చేయలేదు," అన్నాడు. ఆయన నోట ఓ సినిమా గురించి అంతకంటే పెద్ద పొగడ్త నేను వినలేదు.

తెలంగాణ పల్లె తెరకెక్కటానికి బయటివాళ్లు రావలసి వచ్చింది. శ్యామ్ బెనెగల్ పుట్టింది హైదరాబాదు పక్కనే అయినా 1974లో "అంకుర్" హిందీలో తీశాడు. 1977లో మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ "కఫన్"ని "ఒక ఊరి కథ" చేశాడు. పని చేయటమే దండగ అని తీర్మానించుకున్న ముసలివాడిగా వాసుదేవరావుని చూస్తుంటే నవ్వొస్తుంది, నవ్వినందుకు సిగ్గేస్తుంది. ఆ తర్వాత గౌతమ్ ఘోష్ "మాభూమి". బి. నర్సింగరావు, రవీంద్రనాథ్ నిర్మాతలు. 1980 మార్చిలో విడుదలై హైదరాబాదులో ఉదయం ఆటలుగా నెలల తరబడి నడిచింది. బండి యాదగిరి పాటని తెరమీద గద్దర్ ఎత్తుకుంటే హాలు హాలంతా వంత పాడిందంటారు. "జనం చూడరు" అనేవాళ్లకి ఇంతకంటే జవాబు లేదు. చూపించే వేళా, చూపించే హాలూ దొరకాలి, అంతే.

ఆ వేళా హాలూ దొరక్కుండా పోవటానికి ఒక పన్ను కూడా కారణం. దీన్ని సినిమా చరిత్రల్లో ఒక వాక్యంలో దాటేస్తారు. అంతకు ముందు వినోదపు పన్ను అమ్ముడైన టికెట్టు మీద పడేది. 80ల్లో వచ్చిన స్లాబ్ పద్ధతిలో హాలు నిండినా నిండకపోయినా వారానికింతని కట్టాలి. సగం ఖాళీగా మెల్లగా పుంజుకునే సినిమాని ఇక ఏ యజమాని భరిస్తాడు? నోటి మాట మీద నాలుగో వారానికి లేచే కథలకి ఆ నాలుగో వారమే లేకుండా పోయింది. 1988లో నర్సింగరావు "దాసి" తీసేనాటికి పరిస్థితి ఇది. అర్చన నటనతో సహా అయిదు జాతీయ అవార్డులు. గడీలో దాసి కమలాక్షి రోజంతా చేసే పనులు: నీళ్లు తోడటం, ఊడవటం, పిలిస్తే వెళ్లటం. మాటలు చాలా తక్కువ. దొర కేక, చీపురు చప్పుడు, మళ్లీ నిశ్శబ్దం. నెమ్మదిగా ఉందని విసుక్కునేవాళ్లతో నాకు తగువు లేదు. నాకూ మొదటిసారి విసుగొచ్చింది. రెండోసారి తెలిసింది, ఆ విసుగు కమలాక్షిది.

ఇలాంటి సినిమాలు ఆదివారం మధ్యాహ్నాలు దూరదర్శన్‌లో వచ్చేవి, భోజనాలయ్యాక, సరిగ్గా కునుకు పట్టే వేళకి. మా అమ్మకి "అవార్డు సినిమా" అంటే ఇప్పటికీ నిద్రమాత్ర పేరే.

ఆడని సినిమాని పాటలు బతికించటం మన దగ్గర మరో విడ్డూరం. 80ల చివరి వంశీ "మహర్షి"కి అలాగే జరిగింది. సినిమా పోయింది, ఇళయరాజా పాటలు ఇంటింటా మిగిలాయి. మా బ్యాచ్‌లో దీన్ని నెత్తిన పెట్టుకునేవాళ్లున్నారు. వద్దన్న అమ్మాయి వెంటపడి మతి పోగొట్టుకునే కుర్రవాడిని నేను వెనకేసుకు రాలేను. అయితే ఆ పిచ్చిని వంశీ గెలుపుగా చూపించలేదన్నది గమనించాలి. ఆ తర్వాత అదే వెంటపడటాన్ని గెలుపుగా చూపించినవి బోలెడు ఆడాయి.

ఇప్పుడు కొత్త సంబరం రీరిలీజులు. 2010లో నిర్మాతని నిండా ముంచిన "ఆరెంజ్" 2023లో హాళ్లలో పాటపాటకీ గంతులేయించింది. "ఓయ్", "ఖలేజా" కూడా తిరిగొచ్చాయి. జీవితాంతం ప్రేమిస్తానని మాటివ్వలేనన్న కుర్రాడిని అప్పట్లో తిట్టినవాళ్ల తమ్ముళ్లే ఇప్పుడు టికెట్లు కొన్నారు. తీర్పు మారుతుందన్నమాట. నాకు సంతోషమే. అయితే ఈ దారి స్టారు పుట్టినరోజు ఉన్నవాళ్లకే. "బంగారు పాప"కి కటౌటు కట్టే అభిమాన సంఘం ఎక్కడుంది? 2018లో "కేర్ ఆఫ్ కంచరపాలెం" విశాఖలోని ఆ పేట జనాన్నే నటులుగా పెట్టుకుని నిలబడింది. నిర్మాత ప్రవీణ పరుచూరి అమెరికాలో గుండె డాక్టరు. సురేష్ సంస్థ అండ దొరికింది గనక హాళ్లు దొరికాయి.

మొన్న హాస్టల్ గదిలో "చివరకు మిగిలేది" పెట్టాను. ప్రింటు అధ్వానం, మధ్య మధ్య మాట గురగుర. ఐదుగురం మొదలుపెడితే అరగంటకి ముగ్గురం మిగిలాం. అయిపోయాక మా జూనియర్ ఒకడు అడిగాడు.

"అన్నా, ఇదెన్ని రోజులాడింది?"

"పోయిందిరా."

వాడు ల్యాప్‌టాప్ మూయబోయి ఆగాడు. మౌస్‌తో వెనక్కి జరిపి, సావిత్రి ముఖం దగ్గర ఆపి, ఫ్యాన్ కట్టేయమన్నాడు. మాట సరిగ్గా వినపడటం లేదట.