పానగల్ పార్కు పేరు వెనక మనిషి



పండగ బట్టల కోసం టి.నగర్ వెళ్ళని వాళ్ళు మనలో ఎవరూ ఉండరు. ఆ 'టి' సర్ పిట్టి త్యాగరాయ చెట్టి గారిది. అక్కడి పానగల్ పార్కు పేరు పానగంటి రామరాయణింగారిది. ఇద్దరూ తెలుగువారే, ఇద్దరూ జస్టిస్ పార్టీ పెద్దలే.

రామరాయణింగారు 1866లో కాళహస్తిలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివారు. సంస్కృతంలో మంచి పట్టున్న మనిషి. 1920 ఎన్నికల్లో జస్టిస్ పార్టీ గెలిచినా త్యాగరాయ చెట్టి గారు పదవి వద్దన్నారు. కడలూరుకు చెందిన సుబ్బరాయలు రెడ్డియార్ ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన అనారోగ్యంతో తప్పుకోగా 1921 జులైలో పానగల్ రాజా ఆ బాధ్యత తీసుకుని 1926 డిసెంబరు వరకు నడిపారు.

అది ద్వంద్వ పాలన కాలం. ఖజానా, పోలీసు గవర్నరు చేతిలో ఉండేవి. విద్య, వైద్యం, స్థానిక పాలన వంటివే మంత్రులకు దక్కాయి. ఆ కాస్త అధికారంతోనే ఆయన చేసినవి చూడండి. 1921, 1922 కమ్యూనల్ జీవోలతో సర్కారు కొలువుల్లో ఏ వర్గానికి ఎన్ని దక్కుతున్నాయో ఆరు నెలలకోసారి లెక్క చెప్పక తప్పని పరిస్థితి వచ్చింది. గుళ్ళ ఆస్తుల అజమాయిషీకి 1922లో ఆయన తెచ్చిన బిల్లు చాలా వ్యతిరేకతను దాటి 1925లో చట్టమైంది. తమిళనాడులో నేటి దేవాదాయ శాఖకు వేరు అక్కడే ఉంది.

1923 నవంబరులో కట్టమంచి రామలింగారెడ్డి గారు అవిశ్వాస తీర్మానం పెట్టారు. 65-44 ఓట్లతో అది వీగిపోయింది. మూడేళ్ళ తరవాత, పానగల్ రాజా హయాంలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడితే, దాని మొదటి ఉపాధ్యక్షులు ఆ కట్టమంచి వారే!

లోటుపాట్లు లేవని కాదు. ఆది ద్రావిడులకు న్యాయం జరగలేదని ఎం.సి.రాజా 1923లోనే పార్టీ వదిలారు. అంతర్గత తగాదాలు పార్టీని నీరసపరిచాయి. 1926లో ఓడి, ప్రతిపక్షంలో కూర్చుని, 1928 డిసెంబరు 16న ఆయన కన్నుమూశారు.

"మనవాడు" అని మురిసిపోవడం ఒక్కటే చాలదు. తెలుగువాళ్ళు ఈ గడ్డకు ఏం చేశారని ఎవరైనా అడిగితే మన పిల్లలు తడుముకోకూడదు. తమిళులకూ తెలుగువారికీ, మలయాళ, కన్నడ జిల్లాలవారికీ ఒకే చట్టం చేసిన మనిషి ఆయన. మన ఇంటి భాష తెలుగు కాబట్టి ఈ నేల మనది కాదనుకోవాల్సిన పని లేదని ఆయన జీవితమే చెబుతోంది.

ఈ డిసెంబరు 16న పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ పార్కులో కలుద్దామా? మీ మాట చెప్పండి.