లెన్స్ మీది అంకె ఒక్కటే చాలదు

వెండితెర మీద మాయ చూపించాలంటే ఒకప్పుడు కెమెరా కదలకూడదు. 1957లో ‘మాయాబజార్’కు మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రహణం చేసిన రోజుల్లో ట్రిక్ షాట్ అంటే చాలావరకు ఒకటే పద్ధతి: కెమెరాను స్టాండుకు బిగించి, ఫ్రేములో కొంత భాగాన్ని మాస్కుతో మూసి, ఫిల్మును వెనక్కి తిప్పి, మూసిన భాగాన్ని మళ్లీ ఎక్స్‌పోజ్ చేయడం. 1961లో ‘సీతారామ కల్యాణం’తో రవికాంత్ నగాయిచ్ పేరు మారుమోగింది కూడా ట్రిక్ ఫొటోగ్రఫీతోనే. మధ్యలో కెమెరా వెంట్రుకవాసి జరిగినా అతుకు బయటపడేది. ఫోకల్ లెంత్ ఎంత, ఫిల్ము గేటు వెడల్పు ఎంత అని లెక్కగట్టే పని మాత్రం ఎవరికీ ఉండేది కాదు. రెండుసార్లూ అదే లెన్సు, అదే కెమెరా, అదే చోటు కదా!

కెమెరా కదిలాక ఆ రెండు కొలతలకూ ప్రాణం వచ్చింది. కంప్యూటర్లో పుట్టిన జంతువు నిజమైన నేల మీద నిలబడాలంటే, అసలు కెమెరా నడిచిన దారినే కంప్యూటర్లోని కెమెరా కూడా నడవాలి, అంతే కోణంలో చూడాలి. మ్యాచ్‌మూవ్ అంటే ఇదే. ఆ కోణాన్ని ఫోకల్ లెంత్ ఒక్కటే తేల్చదు. 35 మి.మీ. లెన్సును 36 మి.మీ. వెడల్పున్న సెన్సర్ ముందు పెడితే అడ్డంగా దాదాపు 54 డిగ్రీల మేర చూస్తుంది. అదే లెన్సును సూపర్ 35 గేటు ముందు, అంటే 24.89 మి.మీ. ముందు పెడితే 39 డిగ్రీలే. లెన్సు మీది అంకెను అందరూ రాసుకుంటారు. దాని వెనకున్న వెడల్పును రాసుకునే అలవాటు మాత్రం నేటికీ సరిగా కుదురుకోలేదు. ఇన్నేళ్ల ఈ చరిత్రను తిరగేస్తే నాకు కొట్టొచ్చినట్టు కనబడే లోటు ఇదే.

ఆ వెడల్పు ఏనాడూ స్థిరంగా లేదు. మూకీల కాలంలో 35 మి.మీ. ఫిల్ము మీద బొమ్మ రంధ్రాల నడుమ ఉన్న చోటంతా పరుచుకునేది. టాకీలొచ్చి శబ్దానికి పక్కన దారి వదలాల్సి రావడంతో 1932లో అకాడమీ ప్రమాణం దాన్ని సుమారు 22 మి.మీ.కు కుదించింది. 1953లో సినిమాస్కోప్ బొమ్మను అడ్డంగా నొక్కింది. మరుసటి ఏడు విస్టావిజన్ ఫిల్మునే పక్కకు తిప్పి, ఎనిమిది రంధ్రాల మేర బొమ్మ పట్టింది. 1980లలో సూపర్ 35 పేరుతో పాత నిండు వెడల్పు తిరిగొచ్చింది.

ఇక కెమెరా కదలిక సంగతి. 1977లో ‘స్టార్ వార్స్’ కోసం జాన్ డైక్‌స్ట్రా బృందం కట్టిన మోషన్ కంట్రోల్ కెమెరా ఒకే కదలికను మోటార్లతో ఎన్నిసార్లయినా పునరావృతం చేసేది. అదీ ఒకరకంగా పాత పద్ధతే, లెక్క అక్కర్లేదు. 1988లో ‘హూ ఫ్రేమ్డ్ రోజర్ ర్యాబిట్’కు దర్శకుడు జెమెకిస్ కెమెరాను స్వేచ్ఛగా తిప్పించాడు. రిచర్డ్ విలియమ్స్ బృందం ప్రతి ఫ్రేముకూ దృక్కోణాన్ని కంటితో పట్టి చేత్తో గీసింది. ఆ సినిమాకు కెమెరా పట్టిన డీన్ కండీయే 1993లో ‘జురాసిక్ పార్క్’కూ పట్టాడు. పచ్చిక మైదానంలో డైనోసార్ల మంద పరిగెత్తే షాట్ కోసం నేల మీద టెన్నిస్ బంతులు పెట్టి, వాటి ఆధారంగా కంప్యూటర్ కెమెరాను మనుషులే ఓపిగ్గా సరిపోల్చారు.

ఈలోగా గణితం వేరే దారిలో వస్తోంది. ఫొటోల నుంచి పటాలు గీసే విద్య 1850లలో ఫ్రాన్సులో లోసెదాతో మొదలైంది. రెండు చిత్రాల్లోని ఎనిమిది బిందువులు చాలు, కెమెరా ఎలా కదిలిందో చెప్పొచ్చని 1981లో లాంగెట్-హిగిన్స్ చూపించాడు. 1992లో ఫోజెరా, లువాంగ్, మేబ్యాంక్ ఇంకో అడుగు వేసి, కెమెరా లోపలి కొలతలను కూడా చిత్రాల నుంచే రాబట్టొచ్చన్నారు. ఆ మీదట ఈ లెక్కను తామే కట్టే సాఫ్ట్‌వేర్లు, 3డి ఈక్వలైజర్, 2001లో ఆక్స్‌ఫర్డ్ నుంచి బూజూ వచ్చాయి.

అందరూ తడబడేది ఇక్కడే. సాఫ్ట్‌వేర్ నిజానికి రాబట్టేది ఫోకల్ లెంత్‌కూ సెన్సర్ వెడల్పుకూ ఉన్న నిష్పత్తిని. 36 ముందు 35 అన్నా, 24.89 ముందు 24.2 అన్నా దానికి ఒకటే. సెన్సర్ తప్పుగా ఇచ్చినా, తప్పుడు ఫోకల్ లెంత్ వెతుక్కుని తక్కువ ఎర్రర్‌తో సాల్వ్, అంటే కెమెరా నడిచిన దారి లెక్క, ఇచ్చేస్తుంది. చిక్కంతా సెట్లో రాసిన కెమెరా రిపోర్టు చూసి ఫోకల్ లెంత్‌ను 35 దగ్గర లాక్ చేసినప్పుడు. గది మూల 90 డిగ్రీలు ఉండదు, జంతువు పాదాలు నేల మీద జారతాయి. పోనీ లాక్ చేయకుండా వదిలేద్దామంటే, టెలి లెన్సుతో తీసి, కెమెరా పెద్దగా కదలని షాట్లలో అదీ కుదరదు. 1958 నాటి ‘వర్టిగో’లో కెమెరా జరుగుతుంటే జూమ్ ఎదురు తిరిగి, లోతు సాగిపోయినట్టు కనిపించే షాట్ గుర్తుందా? కెమెరా దగ్గరగా ఉండి వైడ్‌లో చూస్తోందా, దూరంగా ఉండి టైట్‌లో చూస్తోందా అన్న తికమకే అలాంటి షాట్లలో సాఫ్ట్‌వేర్‌కూ ఎదురవుతుంది. అక్కడ రాసిపెట్టిన అంకే దిక్కు.

డిజిటల్ వచ్చాక ఆ అంకె మరీ చంచలమైంది. 2007 నాటి రెడ్ వన్‌లో 4కె నుంచి 2కెకు మారితే సెన్సర్ నడిబొడ్డు మాత్రమే పనిచేసేది, వెడల్పు సగమయ్యేది. 2010లో ఏరీ అలెక్సా వచ్చింది. దాని ఒక్కో ఫొటోసైట్ 8.25 మైక్రాన్లు. రికార్డయ్యేవి అడ్డంగా 2880 అయితే వెడల్పు 23.76 మి.మీ. 2018 నాటి అలెక్సా ఎల్ఎఫ్‌లో ఫొటోసైట్ అంతే, కానీ సెన్సర్ మొత్తం వాడే ఓపెన్ గేట్‌లో 4448 కాబట్టి 36.7 మి.మీ. అదే కెమెరాను యూహెచ్‌డీలో, అంటే 3840లో నడిపితే 31.68. బ్రోచర్లో 36.7 చూసి టైప్ చేసినవాడు అక్కడే దెబ్బతింటాడు. కెమెరా పేరు చాలదు, ఏ మోడ్‌లో రికార్డు చేశారో కావాలి.

‘లైఫ్ ఆఫ్ పై’ పనిలో కొంత హైదరాబాదులో జరిగింది. ‘ఈగ’, ‘బాహుబలి’ మన ప్రేక్షకుడికీ ఈ పని విలువ తెలిపాయి. ఎక్కడో విదేశాల్లో తీసిన ప్లేట్లు, అంటే ఎఫెక్ట్స్ చేర్చాల్సిన అసలు షాట్లు, నేడు మన కుర్రాళ్ల డెస్కుల మీదికి వస్తున్నాయి. వాటితోపాటు రికార్డింగ్ మోడ్, లెన్సు వంపును కొలిచే లెన్స్ గ్రిడ్, ఫోకస్ దూరం, కెమెరా ఎత్తు రావాలి. గ్రిడ్ తప్ప మిగతా మూడూ రాయడానికి సెట్లో ఒక్క నిమిషం చాలు. రాయకపోతే ఆ బరువంతా షూటింగ్ ముఖమే చూడని ట్రాకర్ మీద, అంటే మ్యాచ్‌మూవ్ చేసేవాడి మీద, పడుతుంది. అది న్యాయం కాదు.

2019లో ‘ద మాండలోరియన్’ ఎల్ఈడీ గోడల మధ్య షూటింగును పెద్ద ఎత్తున చేసి చూపింది. కెమెరా కదిలినకొద్దీ గోడ మీది దృశ్యం అప్పటికప్పుడు మారాలి. అక్కడ సెన్సర్ వెడల్పు తప్పు పడితే ఆ తప్పు షూటింగ్ రోజునే అందరి కళ్లముందూ కనిపిస్తుంది. అందుకని పోస్ట్ ప్రొడక్షన్ దాకా ఆగకుండా, మొదటి షాట్‌కు ముందే లెన్సు లెన్సుకూ కాలిబ్రేషన్ చేసుకుంటున్నారు.