వాటర్ స్ట్రీట్ లో ఒక తలుపు

మెకాలే అనగానే మనకు ఇంగ్లీషు చదువులు గుర్తుకు వస్తాయి. నేను చెప్పబోయే జెర్రీ మెకాలీ వేరు. 1839 ప్రాంతంలో ఐర్లండులో పుట్టి, పదమూడేళ్ళ వయసులో న్యూయార్కు చేరి, నది మీద పడవలను దోచుకుంటూ పెరిగినవాడు. 1857లో అతణ్ణి సింగ్ సింగ్ జైలుకు పంపారు. శిక్ష పదిహేనేళ్ళకు పైమాటే (ఆ దొంగతనం మాత్రం తాను చేయలేదని అతని వాదన).

ఒకనాడు జైలు ప్రార్థనాలయంలో ఓర్విల్ గార్డ్నర్ అనే మాజీ ముష్టియుద్ధ యోధుడు మాట్లాడాడు. మెకాలీ ఎరిగిన మనిషే. అటువంటివాడు కన్నీళ్ళతో క్రీస్తును గూర్చి చెప్పడం అతణ్ణి కదిలించింది. బైబిలు పట్టాడు, విశ్వాసి అయ్యాడు. 1864లో క్షమాభిక్ష దొరికింది.

సాక్ష్యకథలు సాధారణంగా ఇక్కడే ముగుస్తాయి. ఆ తరువాతి ఎనిమిదేళ్ళే అసలు చరిత్ర అని నాకు తోస్తుంది. బయటికి వచ్చినవానికి వెళ్ళడానికి ఇల్లు లేదు, చేయందించే మిత్రుడు లేడు. లాగర్ బీరు అనే పానీయం అతనికి కొత్త. హాని లేనిదని ఎవరో చెప్పగా తాగాడు. మళ్ళీ మత్తు, మళ్ళీ నది, మళ్ళీ దొంగతనం. ఒక మిషనరీ చేరదీసిన తరువాత కూడా ఒట్టు పెట్టుకోవడం, తప్పడం, తిరిగి పెట్టుకోవడం. విశ్వాసం అతణ్ణి లేపింది నిజమే. తలదాచుకునే చోటు, తోడు లేక అది నిలవలేదు.

1872 అక్టోబరులో భార్య మరియాతో కలిసి 316 వాటర్ స్ట్రీట్ లోని ఒక పాత డాన్సు హాలులో అతను తెరిచిన మిషనుకు మూలం ఈ అనుభవమేనని నా అభిప్రాయం. తాగుబోతులకు, దొంగలకు, నిలువ నీడ లేనివారికి అక్కడ తిండి, రాత్రి పడక, ప్రతి సాయంత్రం ప్రార్థన. సాక్ష్యం చెప్పేవారికి ఒక్క నిమిషమే గడువు! (మన సభాధ్యక్షులు గమనించాలి.) ఆకలిగొన్నవాని ముందు రొట్టెతో పాటు ప్రసంగమూ పెట్టడం న్యాయమా అన్న ప్రశ్న ఇటువంటి సంస్థలకు ఎప్పుడూ ఎదురవుతూనే ఉంది. కొట్టిపారేయదగిన ప్రశ్న కాదది. కాని పలుమార్లు పడి లేచిన మెకాలీ, మళ్ళీ తాగి వచ్చినవాణ్ణి వెళ్ళగొట్టలేదు.

1882లో అతని రెండవ మిషను క్రెమార్న్ కు, మత్తులో సర్వం పోగొట్టుకున్న హాడ్లీ అనే వ్యక్తి వచ్చాడు. విలియం జేమ్స్ 1902 నాటి తన సుప్రసిద్ధ గ్రంథంలో ఉదాహరించిన హాడ్లీ ఇతడే. మెకాలీ 1884లో క్షయతో మరణించాడు. రెండేళ్ళకు వాటర్ స్ట్రీట్ బాధ్యతను హాడ్లీ తీసుకుని, 1906లో కన్నుమూసే దాకా అక్కడే ఉన్నాడు.