కట్టెలోని కరెంటు ఎవరిది?

బయోమాస్ అనే మాటను తెలుగులో ఏమనాలన్నది ఇంకా తేలలేదు. కొందరు జీవద్రవ్యమన్నారు, కొందరు జీవపదార్థమన్నారు. పత్రికలవారు మరొక అడుగు ముందుకు వేసి 'వ్యవసాయ వ్యర్థాలు' అనేశారు. మొదటి రెండు మాటలతో నాకు తగవు లేదు. మూడోదానితోనే పేచీ.

నేను పుట్టిన బత్తలపల్లె అనంతపురం కరువు పీఠభూమి మీది ఊరు. 2022 ఏప్రిల్ నుంచి కాగితాల మీద శ్రీ సత్యసాయి జిల్లా అయింది గాని, వానలో మార్పేమీ లేదు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్లు, అదీ దేవుడు సమయానికి తలుచుకుంటే. ఇలాంటి చోట 'వ్యర్థం' అనదగిన వస్తువు ఏదైనా ఉందా అని ఎంత ఆలోచించినా నాకు తోచదు. చెనిక్కాయ కట్టె, అంటే వేరుశనగ కాయలు కొట్టుకున్నాక మిగిలే తీగా ఆకూ, ఎద్దులకు ఏడాది మేత. వామి వేసి చుట్టూ ముళ్ళకంప కట్టి దాన్ని కాపాడుకుంటారు. కాయల పొట్టు నూనెమిల్లు పొయ్యిలోకో ఇటుకల బట్టీలోకో పోతుంది. కందికట్టె వంటచెరకు. పేడ పిడకైనా అవుతుంది, ఎరువైనా అవుతుంది. ఎవరూ నాటకుండానే పెరిగే కంపచెట్టు సైతం బొగ్గులు కాల్చేవాళ్ళకు ఒక పూట కూలి. ప్రతిదానికీ పేరుంది, పేరుతో పాటు ఒక హక్కుదారు ఉన్నాడు.

అందుకని మన పల్లెల్లో కట్టెతో, పేడతో, గింజల నూనెతో కరెంటు తీసిన ప్రయత్నాల చరిత్రను నేను ఒక్క ప్రశ్న పట్టుకుని చదువుతాను. యంత్రంలోకి వెళ్ళకముందు ఆ కట్టె ఎవరిది? వెళ్ళాక పుట్టిన కరెంటు ఎవరిది?

మా సీమలో కట్టెలు తిన్న తొలి పెద్ద యంత్రం రైలింజను. మద్రాసు నుంచి కడప, గుత్తి, గుంతకల్లుల మీదుగా రాయచూరు చేరే దారి 1871 నాటికి పూర్తయింది. బొగ్గు గనులు దూరం కావడంతో ఆనాటి మద్రాసు రైళ్ళు చాలాకాలం కట్టెలతోనే నడిచాయి. అడవులు పలచబడ్డాయి. అప్పుడే, 1876లో, మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ మెట్ట ప్రాంతాల్లో నాటించడానికి జమైకా నుంచి ఒక ముళ్ళచెట్టు విత్తనాలు కావాలని కోరాడు. మరుసటి ఏడాది విత్తనాలు వచ్చాయి. కడప జిల్లా కమలాపురంలో నాటారు. అదే సర్కారు తుమ్మ, మావైపు జనం నోట కంపచెట్టు. పేరులోనే సర్కారు ఉంది చూడండి. ఆ విత్తనాలు ఓడ దిగిన కాలమే ధాత కరువు కాలం. ఊళ్ళకు ఊళ్ళు తిండిలేక వలసపోతున్న ఏళ్ళలో, వంటచెరకు ఇచ్చే చెట్టొకటి సముద్రం దాటి వచ్చిందన్నమాట. నూటయాభై ఏళ్ళలో అది చెరువులూ వంకలూ బీళ్ళూ ఆక్రమించింది. రైతు దాన్ని తిడతాడు, కూలివాడు దాన్ని నరికి పొయ్యి వెలిగించుకుంటాడు. ఇద్దరిదీ న్యాయమే.

రెండో యంత్రం బస్సు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో పెట్రోలుకు కరువొచ్చి రేషను పెట్టినప్పుడు బస్సుల వెనక ఇనుప పీపా ఒకటి బిగించి, అందులో బొగ్గులు రాజేసి, ఆ వాయువుతో ఇంజను నడిపించారు. మన పెద్దవాళ్ళు బొగ్గు బస్సులని చెప్పుకునేవి ఇవే. పంకా తిప్పి నిప్పు రగిలించాక గాని బండి కదిలేది కాదనీ, ఎత్తు వస్తే జనం దిగి తోసేవారనీ హాస్యంగా చెబుతారు. హాస్యం అలా ఉంచి, ఆ పీపాలోని కిటుకే తరువాత పల్లె కరెంటుకు మూలమైంది. కట్టెనుగాని బొగ్గునుగాని చాలీచాలని గాలిలో మండిస్తే అది పూర్తిగా కాలదు. కార్బన్ మోనాక్సైడూ హైడ్రోజనూ కలిసిన వాయువు వస్తుంది. అందులో సగం దాకా పనికిరాని నత్రజనే గనుక శక్తి తక్కువ. అయినా తారునూ బూడిదనూ వడగట్టి చల్లార్చి ఇంజనుకు ఇస్తే ఇంజను తిరుగుతుంది. ఇంజనుకు జనరేటరు తగిలిస్తే కరెంటు. యూనిట్టుకు సుమారు 1.3 కిలోల ఎండుకట్టె కావాలి. యుద్ధం ముగిసి పెట్రోలు దొరకగానే ఆ పీపాలు పాత ఇనుపసామాన్లలో చేరాయి.

వాటిని మళ్ళీ పైకి తీసినవాళ్ళు మనకు పొరుగువాళ్ళే. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్య అమూల్య కె. ఎన్. రెడ్డి 1974లో 'ఆస్త్ర' అనే విభాగాన్ని నెలకొల్పారు. శాస్త్రాన్ని పల్లెకు పనికొచ్చేలా చేయడం దాని ఉద్దేశం. మడకశిర దాటితే వచ్చే తుమకూరు జిల్లాలో, కుణిగల్ తాలూకా పల్లెల్లో వారు పనిచేశారు. పుర అనే ఊళ్ళో మొదట పేడగ్యాసు వంటకు ఇవ్వాలనుకున్నారు. ఊరి పొయ్యిలన్నిటికీ ఆ గ్యాసు చాలలేదు. ఊరివాళ్ళకు అంతకన్నా ముందు కావలసింది తాగునీరు. కనుక 1987లో పద్ధతి మార్చి, గ్యాసుతో ఇంజను నడిపి, బోరునీళ్ళు తోడి కుళాయిలకిచ్చి, ఇళ్ళలో దీపాలు వెలిగించారు. ఇందులో నన్ను ఆకట్టుకున్నది ఇంజను కన్నా దాని లెక్క. ప్రతి ఇల్లూ పేడ తెచ్చి తూకం వేయించేది. తెచ్చినదానికి డబ్బు ముట్టేది. గ్యాసు తీసేసిన తరువాత మిగిలిన ముద్ద ఎరువుగా పేడ ఇచ్చినవాళ్ళకే తిరిగి చేరేది. గ్యాసు ఊరిదైంది, ఎరువు రైతు చెయ్యి దాటలేదు.

అదే తాలూకాలోని హొసహళ్ళి అప్పటికి కరెంటు లేని చిన్న పల్లె. అక్కడ 1988లో 3.7 కిలోవాట్ల చిన్న కట్టెవాయు యంత్రం పెట్టారు, తరువాత 20 కిలోవాట్లకు పెంచారు. ఊరి బీడులో కట్టె కోసమే చెట్లు పెంచారు. దీపాలు, తాగునీరు, పిండిమర, సేద్యపు నీరు, అన్నీ దానితోనే. ఎన్. హెచ్. రవీంద్రనాథ్ బృందం 2004లో ప్రచురించిన లెక్కల ప్రకారం ఆరేళ్ళ కాలంలో 85 శాతానికి పైగా రోజుల్లో దీపాలూ నీళ్ళూ అందాయి. ఆ రోజుల్లో మన పల్లెలకు పెద్ద లైన్ల కరెంటు వచ్చిన తీరు ఎరిగినవారికి ఇది చిన్న మాట కాదు. అదే పత్రంలో మరొక లెక్క ఉంది. 5 కిలోవాట్ల భారం మీద నడిపితే యూనిట్టుకు నడుపుడు ఖర్చు 5 రూపాయల 85 పైసలు, 20 కిలోవాట్ల మీద నడిపితే 3 రూపాయల 34 పైసలు. అంటే దీపాలు మాత్రమే వెలిగిస్తే నష్టం. మర ఆడాలి, మోటారు ఆడాలి, అప్పుడే గిట్టుబాటు.

ఈ లెక్కను బత్తలపల్లె చుట్టుపక్కల ఉండే ఏ నూరిళ్ళ పల్లెకో వేసి చూశాను. ఇంటికి రోజుకొక యూనిట్టు అనుకుంటే 100 యూనిట్లు, 130 కిలోల కట్టె. ఏడాదికి 47 టన్నులు. మా వాననీటి మీద హెక్టారుకు ఏటా 4 టన్నుల కట్టె పండుతుందని ఉదారంగా అనుకున్నా 12 హెక్టార్లు, అంటే ముప్ఫై ఎకరాల తోపు కావాలి. అసాధ్యమేమీ కాదు. కాని గిట్టుబాటు కావాలంటే మోటార్లు ఆడాలన్నాం కదా. 5 హార్సుపవరు బోరు మోటారు ఒకటి ఏడు గంటలాడితే 26 యూనిట్లు. నాలుగు బోర్లు నడిస్తే ఊరి దీపాలన్నిటికంటే ఎక్కువ కాల్చేస్తాయి. కట్టె ఎన్ని ఎకరాల్లో పండించాలి? పైగా 2004 మేలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సేద్యానికి ఉచిత విద్యుత్తు ప్రకటించింది. రైతుకు అది ప్రాణావసరమే, కాదనను. కాని ఉచితంగా వచ్చే తీగ పక్కన, యూనిట్టుకు మూడు రూపాయలు ఖర్చయ్యే పల్లె యంత్రం ఏ మోటారును ఆడించగలదు? ఊరూరా కట్టెవాయు యంత్రమనే కలకు మా సీమలో అడ్డుపడింది సాంకేతిక లోపం కన్నా ఈ పక్కలెక్కే.

మన రాష్ట్రం పల్లె యంత్రాన్ని వదిలి పెద్ద ప్లాంటు దారి పట్టింది. 1990ల చివర, 2000ల మొదట నెడ్‌క్యాప్ అనుమతులతో ఊక, సర్కారు తుమ్మ, పంటకట్టెలు మండించి ఆవిరితో కరెంటు తీసే ప్లాంట్లు వెలిశాయి. చాలావాటి సామర్థ్యం 6 మెగావాట్ల లోపే. వినడానికి చిన్నవే. కాని 6 మెగావాట్ల ప్లాంటు 80 శాతం నడిచినా రోజుకు 150 టన్నుల ఇంధనం తింటుంది, పది టన్నుల లారీలు పదిహేను. ఆ ఒక్కరోజు మేత, పైన లెక్కవేసిన నూరిళ్ళ పల్లెలు మూడింటికి ఏడాది దీపం. కట్టె ఊరిది, కరెంటు గ్రిడ్డుది. నరికిన కూలీకి నాలుగు డబ్బులొచ్చిన మాట నిజమే. ప్లాంట్ల పోటీతో ఊకకూ కట్టెకూ ధర పెరిగింది, అమ్మే కరెంటు ధర మాత్రం కమిషను ఉత్తర్వుల్లో ఇరుక్కుంది. 2001, 2004 ఉత్తర్వుల మీద మొదలైన వ్యాజ్యం 2010లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఈలోగా చాలా ప్లాంట్లు ఆగిపోయాయి. 'వ్యర్థం' ఊరికే దొరుకుతుందన్న లెక్క మీద కట్టిన ఇల్లు అది. యజమానులు ఖరీదు అడిగిన రోజున కదిలిపోయింది.

దీనికి ఎదురుగా నిలబెట్టదగిన ఉదాహరణ తెలుగునేల రెండో కొసన ఉంది. ఆదిలాబాదు ఏజెన్సీలోని కొన్ని ఆదివాసీ గూడేల్లో 2000ల తొలి ఏళ్ళలో కానుగ నూనెతో జనరేటర్లు నడిపి దీపాలు వెలిగించారు. దీనికి చొరవ చూపిన ఉడుపి శ్రీనివాస కూడా బెంగుళూరు విజ్ఞాన సంస్థవారే. ఆ ప్రాంతంలోనే, జైనూరు మండలం పవర్‌గూడలో, మహిళా సంఘాలు కానుగ మొక్కలు పెంచి గింజలనుంచి నూనె తీశాయి. పదేళ్ళలో 51 టన్నుల డీజిలుకు బదులుగా ఆ నూనె వాడితే గాలిలో కలవకుండా మిగిలే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువును లెక్కగట్టి, 2003 అక్టోబరులో ప్రపంచబ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించింది. అప్పటి మారకంలో ముప్ఫై వేల రూపాయలకు కాస్త తక్కువ. ఆ సొమ్ముతో ఆ స్త్రీలు మళ్ళీ కానుగ నారే పెంచారు. మొత్తం చిన్నదే. అయినా అందులో ఎవరి మేతా పోలేదు, ఎవరి పొయ్యీ ఆరలేదు. కానుగాకు పశువులు పెద్దగా ముట్టవు, గింజ ఏరుకున్నవాళ్ళది, తెలగపిండి పొలానిది. పుర గ్రామంలో పేడకు తూకం వేసినట్టే ఇక్కడా హక్కు ముందు తేలింది, యంత్రం తరువాత వచ్చింది.

ఇదంతా గడిచిన చరిత్ర గదా, ఇప్పుడెందుకంటారేమో. 2018 ఏప్రిల్‌లో దేశంలోని అన్ని గ్రామాలకూ కరెంటు చేరిందని కేంద్రం ప్రకటించింది. పల్లెదీపం కోసం కట్టె కాల్చే అవసరం ఆ లెక్కన తీరిపోయింది. కట్టె మీద చూపు మాత్రం తీరలేదు. థర్మల్ కేంద్రాలు బొగ్గుతో పాటు 5 శాతం పంటకట్టెల ఉండలు కాల్చాలని 2021లో కేంద్ర విద్యుత్ శాఖ విధించింది. 2024 నవంబరులో మన రాష్ట్రం రిలయన్సుతో 65,000 కోట్ల రూపాయల పెట్టుబడితో 500 జీవవాయు ప్లాంట్లకు ఒప్పందం చేసుకుంది. 2025 ఏప్రిల్ 2న ప్రకాశం జిల్లా దివాకరపల్లిలో మొదటిదానికి శంకుస్థాపన జరిగింది. బంజరు భూముల్లో గడ్డి పెంచి వాయువు తీస్తారట. మంచి జరగాలనే నా కోరిక. కాని 'వ్యర్థం' లాగానే 'బంజరు' కూడా కాగితం మీద మాట. మావైపు బంజరంటే గొర్రెల మందలు మేసే చోటు.

ప్లాంటు పెట్టవద్దని నేననను. బొగ్గుకన్నా కట్టె మేలని శాస్త్రం చెబుతున్నది నిజమే, నరికినంత నాటుతుంటే. నా కోరికల్లా తూకం ముందు వేయమని. ఈ గడ్డి నిన్నటిదాకా ఏ నోటికి మేత, ఈ కంప ఏ పొయ్యికి చెరకు అని ఊరి మధ్య కూర్చుని అడిగి రాసుకున్నాకనే యంత్రానికి పునాది తీయాలి. పుర గ్రామస్థులు 1987లోనే ఆ పని చేసి చూపించారు, అదీ ఒక త్రాసుతో.

మీ ఊళ్ళలో పేడగ్యాసు దీపాలుగాని, మీ తాతల నోట బొగ్గు బస్సుల కథలుగాని విన్నవారుంటే దయచేసి రాయండి. రైలు కట్టెల లెక్కలు ప్రభుత్వ దస్తావేజుల్లో ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. ఇవి మాత్రం మనం రాసుకుంటేనే మిగులుతాయి.