ఇంటిపేరు పెట్టి కేక

టోక్యోలో నిషి కసాయి స్టేషన్. ఆదివారం పొద్దున పది కావస్తోంది. తోజాయ్ లైన్ పెట్టెలో నిలబడ్డవాళ్లే ముప్పై మంది ఉంటారు. వినిపించే గొంతు మాత్రం స్పీకరుది ఒక్కటే. నా సంచిలో ఫోను వణికింది. నాన్న. ఎత్తను. ఇక్కడ రైల్లో ఫోను మాట్లాడితే ఎవరూ ఏమీ అనరు. అనకపోవడంలోనే అంతా ఉంటుంది.

మొవ్వ నుంచి బందరు బస్సెక్కితే టికెట్టు తెగేలోపే పక్కావిడ అడిగేస్తుంది: “మీ ఇంటిపేరేంటమ్మా?” నేనుండే అపార్టుమెంటులో పక్కవాటా ఆవిడని ఆరేళ్లుగా చెత్త వేసేచోట కలుస్తున్నాను. కాకులు చింపకుండా సంచుల మీద వల సర్దుతుంటే ఇద్దరం చెరో కొస పట్టుకుంటాం. తలవంచుకుంటాం. అంతే.

కయాబాచోలో రైలు మారి హిగాషి గింజాలో దిగాను. బయటికి రాకుండానే కబుకీ నాటకాలాడే కబుకీ-జా దగ్గరికి దారి. లిఫ్టులో నాలుగో అంతస్తు. ఒక్క అంకానికే టికెట్టు ఇచ్చే సీట్లు ఇక్కడుంటాయి. మన నేల టికెట్టుకి చుట్టాలు, కాకపోతే నేల మీద కాదు, చూరు కింద.

కబుకీని 1600ల మొదట్లో మొదలుపెట్టింది ఒకుని అనే ఆడమనిషే. 1629లో ప్రభుత్వం ఆడవాళ్లని రంగం ఎక్కకూడదంది. ఆ వేషాలు మగవాళ్లకి దక్కాయి. కూచిపూడిలో ఇది చెప్తే ఎవరూ వింతపడరు. వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామని చూసిన ఊరు అది. తెర మీదుగా జడ పడగానే కబుర్లు ఆగిపోయేవని నాన్న ఇప్పటికీ చెప్తారు.

చారీన్! తెర కడియాల చప్పుడు. ప్రేక్షకుల మధ్య నుంచి సాగే హనమిచి దారిలో ఆడవేషం వస్తోంది. నా సీట్లోంచి ఆ దారి కొసముక్కే కనిపిస్తుంది, మెడ సాచాను. మోకాళ్లు ఒరుసుకుంటున్నట్టు చిన్న చిన్న అడుగులు. చేతివేళ్లు సగం కిమోనో అంచులోనే ఉన్నాయి. ఆగి, మెల్లగా అటు తిరిగాడు. మెడ వెనక దాకా తెల్లరంగు. వీపుతోనే సిగ్గుపడ్డాడు!

“యమతోయా!”

ఉలిక్కిపడ్డాను. కేక నా వెనకనుంచే. బూడిదరంగు కోటు పెద్దాయన, డెబ్బై దాటుంటాయి. గడ్డం పైకెత్తి ఒక్క అరుపు అరిచి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు. ఎవరూ వెనక్కి తిరగలేదు. ఆ కేక నటుడి పేరు కాదు, అతని ఇంటిపేరు. య అంటే కొట్టు, ఇల్లు. నారితయ, ఒతోవయ, యమతోయ. మన వేదాంతం, చింతా, వెంపటి, పసుమర్తి వారిలాగే తరాలుగా వేషం కట్టే ఇళ్లు.

జపాన్ వాళ్లకి గట్టిగా మాట్లాడ్డం రాదని ఆరేళ్లుగా ఇంటికి చెప్తున్నాను. తప్పు. నటుడు ఊపిరి ఆపినచోట, రెప్పపాటు ముందూ కాకుండా వెనకా కాకుండా పడిందా అరుపు. అలా అరవడానికి ఎన్నేళ్లు పడుతుందో.

దిగేటప్పుడు లిఫ్టులో ఆ పెద్దాయనే మీట నొక్కి పట్టుకున్నారు. నా భుజానికి కోటంచు తగిలితే, వినీ వినపడనట్టు “సుమిమాసెన్” అని మన్నింపు అడిగారు.

రోడ్డు మీదకొచ్చి నాన్నకి ఫోను చేశాను.

“ఏంటమ్మా, ఎత్తవు?”

“నాటకానికొచ్చాను నాన్నా. మగాయన ఆడవేషం కట్టాడు.”

“జడ వేశాడా?”

“కొప్పు.”

కాసేపు మాట లేదు. తర్వాత, “ఏ ఇంటివాళ్లు?”

“యమతోయ వాళ్లు.”

“ఆఁ, వాళ్లా,” అన్నారు, పామర్రు అవతల ఊరేదో చెప్పినట్టు.